పొడి అక్షరాల పాలైన ఊళ్ళు

విజయవాడ నుంచి తిరువూరు పోయే దారిలో రెండు కొండూళ్ళు తగులుతాయి. మైలవరానికి ఇవతల జి.కొండూరు, అవతల ఎ.కొండూరు. రెండూ మండల కేంద్రాలే. బస్సులో ఉన్నవారికి తాము దిగవలసినది ఏ కొండూరో తెలిస్తే చాలు. తెలుగు చదువుకొని, తెలుగు చెప్పి బ్రతికిన నావంటి వాడికి మాత్రం ఆ ముందరి ఒంటి అక్షరం దగ్గర చూపు నిలిచిపోతుంది.

కొండూరును గురించి చెప్పవలసినది స్వల్పం. కొండ, ఊరు కలిసి కొండూరైంది. మేన, అల్లుడు కలిసి మేనల్లుడైనట్లే ఇదీ అత్వసంధి. పేరు విన్నవాడికి అర్థం చెప్పనక్కరలేదు. చిక్కంతా ఆ ‘ఎ’తోనే. ఒకనాడు తరగతిలో పిల్లలనడిగితే ఒకడు ‘ఎఱ్ఱ కొండూరు’ అన్నాడు, మరొకడు ‘ఎగువ కొండూరు’ అన్నాడు. వారి ఊహలో దోషమేమీ లేదు. తెలుగులో ఎకారం కనబడితే ఎకారంతో మొదలయ్యే మాటనే వెదుక్కోవాలి కదా! కాని ఇది తెలుగు ఎకారం కాదు. ఇంగ్లీషు మొదటి అక్షరానికి మన లిపి తొడిగిన చొక్కా. అసలు పేరు అట్లప్రగడ కొండూరు. అట్లప్రగడ అనే ఊరు ఆ మండలంలోనే ఉంది. పొడి అక్షరమే వ్రాయదలచుకుంటే ‘అ.కొండూరు’ అని వ్రాయవలసింది. అకారాది క్రమంలో మొట్టమొదట కూర్చోవలసిన ఊరు ఎకారం దాకా వెనక్కు పోయింది.

పోయినది అకారం ఒక్కటే అయితే నేనింత వ్రాయను. ‘ప్రగడ’ అనే మాట సామాన్యమైనది కాదు. ప్రెగడ, ప్రెగ్గడ అని కూడా దానికి రూపాలున్నాయి. మంత్రి అని అర్థం. ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉండి, భారతంలో అరణ్యపర్వశేషాన్ని పూరించిన మహాకవిని మనం ఎఱ్ఱాప్రగడ అంటున్నాము. ఆయన పేరులోని ప్రగడ, ఈ ఊరి పేరులోని ప్రగడ ఒక్కటే. మనవాళ్ళు ‘అమాత్య’ అనే సంస్కృత పదానికి అలవాటు పడక ముందు నుంచీ ఉన్న మన మాట అది. ఇప్పుడు ఇంటిపేర్ల చివర మాత్రమే మిగిలింది. దారి పక్కన పలకమీద, పొలానికి పోయే కూలీ కంట కూడా పడగలిగిన చోట, దానిని తీసివేసి ఒక చుక్క పెట్టుకున్నాము.

ఒకే పేరుగల ఊళ్ళు రెండున్నప్పుడు గుర్తు కావాలి, నిజమే. ఆ గుర్తును మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. పెద, చిన, పాత, కొత్త, ఎగువ, దిగువ అన్నారు. అదే ఎ.కొండూరు మండలంలో మాధవరాలు రెండున్నాయి. ఒకటి తూర్పు మాధవరం, మరొకటి పడమర మాధవరం. ఎవరికీ తికమక లేదు. పొరుగు ఊరి పేరో, ఏలిన వంశం పేరో ముందు చేర్చడం ఇంకొక పద్ధతి. అట్లప్రగడ కొండూరు అలా వచ్చినదే. చేర్చినంత వరకు బాగానే ఉంది. చేర్చినదానిని ఇంగ్లీషు రికార్డులో కుదించి, ఆ కుదింపును మళ్ళీ తెలుగులోకి దింపుకోవడమే వింత.

విశాఖ మన్యంలో గంగరాజు మాడుగుల జి.మాడుగుల అయింది, మైదానంలో వడ్డాది మాడుగుల వి.మాడుగుల అయింది. శృంగవరపుకోట ఎస్.కోట, సర్వసిద్ధి రాయవరం ఎస్.రాయవరం. రాయలసీమకు పోతే చింతకొమ్మదిన్నెను సి.కె.దిన్నె అంటారు. దిన్నె మీద చింతకొమ్మ మాయమైంది. నంబులపూలకుంట ఎన్.పి.కుంటగా మారి పూలన్నీ రాలిపోయాయి. కోనసీమలోని ఐ.పోలవరం కథ మరీ విచిత్రం. ఆ ‘ఐ’ అంటే ఐలెండు. గోదావరి పాయల నడుమ ఉండే నేలకు ‘లంక’ అని చక్కని మాట ఉండగా, ఆ లంకలలోనే పుట్టి పెరిగినవారు తమ పోలవరానికి ఇంగ్లీషు ద్వీపాన్ని, అదీ ఒక్క అక్షరంగా, మోస్తున్నారు.

వాడుకలో పేర్లు అరగడం సహజమే కదా అని అనేవారున్నారు. అరగడం వేరు, నరకడం వేరు. రాజమహేంద్రవరం జనం నోట రాజమండ్రి అయింది. అయినా రాజు మిగిలాడు, మహేంద్రుని జాడ మిగిలింది. 2015లో ప్రభుత్వం పాతపేరును మళ్ళీ పెట్టినప్పుడు ఎవరూ తెల్లబోలేదు. నోరు అరగదీసిన పేరులో మూలం కొంతైనా కనబడుతుంది. కలం నరికిన పేరులో కనబడదు. ‘ఎస్’ అనే అక్షరం నుంచి శృంగవరం దాకా పోవడానికి ఏ సంధిసూత్రమూ దారి చూపదు.

ఈ అక్షరాల విప్పు తెలిసినవారు పూర్వం ఊరికొకరుండేవారు. కరణంగారి దగ్గర దస్తావేజులలో ఊరి పేరు నిండుగా ఉండేది. కరణాల వ్యవస్థ 1984లో పోయింది. ఆ మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. కొత్త కార్యాలయాలు, కొత్త పలకలు, కొత్త రబ్బరు ముద్రలు. ముద్రలో చోటు తక్కువ. ఆనాటి నుంచి పొడి అక్షరమే అసలు పేరై కూర్చున్నది. వంకాయలకు పేర్లు పెట్టమంటే పది చెప్పగల జాతికి సొంత ఊరి పేరు పూర్తిగా తెలియకపోవడం నాకు చిన్న విషయంగా తోచదు.

2022 ఏప్రిల్ 4న ఎ.కొండూరు ఉన్న జిల్లా కూడా ఎన్టీఆర్ జిల్లా అయింది. ఈనాడు ఆ మూడక్షరాలను విప్పి చెప్పలేని తెలుగువాడు లేడు కనుక అక్కడ ఇబ్బంది లేదు. అట్లప్రగడ కూడా ఒకప్పుడు ఆ చుట్టుపట్ల అటువంటిదే.

ఖర్చుతో కూడిన పని కాదిది. నంబులపూలకుంట అని వ్రాయడానికి ఎన్.పి.కుంట కంటె మూడక్షరాలు ఎక్కువ, అట్లప్రగడ కొండూరుకు నాలుగు. పంచాయతీ పలకకు రంగు వేయించేటప్పుడు పేరు విప్పి వ్రాయించమని సర్పంచిగారిని అడగవచ్చు. బడిలో పిల్లవాని చిరునామా వ్రాసే ఉపాధ్యాయుడు ఎవరి అనుమతీ లేకుండానే వ్రాయవచ్చు. మీ ఊరి ముందు ఇటువంటి చుక్క ఏదైనా ఉంటే, ఎనభై దాటినవారు ఇంకా అరుగుమీద కూర్చుంటున్నప్పుడే వెళ్ళి అడగండి.