పేరు లేని దృశ్యాలు, ఊరు లేని పద్యాలు



మన ప్రాచీన కావ్యాలలో ఆశ్వాసం ముగిసిన చోట ఒక గద్య ఉంటుంది. కవి ఎవరు, ఎవరి కుమారుడు, కావ్యమేది, ఇది ఎన్నవ ఆశ్వాసము అన్న వివరాలను అందులో పొందుపరుస్తారు. తాళపత్రాలపై ఆకుల సంఖ్య సరేసరి. త్రాడు తెగి ఆకులు చెదరినా సంఖ్య వరుసను నిలిపేది, గద్య కర్తను నిలిపేది. నేడు సాంకేతికులు 'మెటాడేటా' అంటున్నది ఇదే. వస్తువును గురించి చెప్పే సమాచారం. మన పూర్వులకిది కొత్త విద్య కాదు.

ఇంత వారసత్వం గల మనం అంతర్జాలంలో దృశ్యాలను ఎట్లా దాచుకొంటున్నామో గమనించండి. 2005లో యూట్యూబు వచ్చిన తరువాత ఎందరో పుణ్యాత్ములు అవధానాలను, పద్యనాటకాలను, హరికథలను అందులో చేర్చారు. వారి శ్రమకు చేతులెత్తి మ్రొక్కవలసిందే. అయితే పెక్కింటికి పేరు 'వీఐడీ' అనే మూడక్షరాలు, వాటి వెంట అంకెలు! ఎక్కించేవారు శీర్షిక వ్రాయకపోతే ఆ దస్త్రానికి ఉన్న పేరే శీర్షికగా నిలిచిపోతుంది. కెమెరా పెట్టిన పేరుతో పద్యం లోకంలోకి వెళుతుంది. దానినెవరు వెదకగలరు?

పేరు పెట్టినవారైనా 'శ్రీకృష్ణ రాయబారం' అని ఊరకుంటారు. తిరుపతి వేంకట కవుల ఆ పద్యాలను పాడని నటుడెవరు? షణ్ముఖి ఆంజనేయరాజుగారిది ఒక బాణీ, పీసపాటి నరసింహమూర్తిగారిది మరొక బాణీ. పాడినదెవరో, ఏ ఊరిలోనో, ఏ యేటనో చెప్పకపోతే నేర్చుకొనగోరే యువకుడు ఏ బాణీ ఎవరిదని గుర్తించాలి? పుటపై కనబడే తేదీ ఎక్కించిన తేదీయే గాని ప్రదర్శించిన తేదీ కాదు. 1985నాటి నాటకాన్ని 2014లో ఎక్కిస్తే, వివరం లేనప్పుడు కొత్తవారు దానిని 2014నాటిదనే తలుస్తారు.

కనుక కొన్ని నియమాలను పాటిద్దామని నా మనవి. దస్త్రం పేరులో మొదట సంవత్సరం, తరువాత నెల, ఆపైన రోజు ఉండాలి. '2011-04-04_అష్టావధానం_గుంటూరు_భాగం-01' అన్నట్లు. రోజు ముందు పెడితే వేర్వేరు ఏండ్ల దస్త్రాలు కలగాపులగమవుతాయి. సంవత్సరం ముందుంటే యంత్రమే వాటిని కాలక్రమంలో పేరుస్తుంది. భాగాలు పదికి మించేటట్లుంటే 1 అని కాక 01 అని వ్రాయాలి. లేకపోతే చాలాచోట్ల పదవ భాగం రెండవదానికంటె ముందు వచ్చి కూర్చుంటుంది. 'ఖరనామ సంవత్సర ఉగాది' అని మాత్రమే వ్రాసి తృప్తి పడరాదు. ఖర 1951లోనూ వచ్చింది, 2011లోనూ వచ్చింది. అరువదేండ్ల చక్రం మనకు అందమే గాని, చరిత్రకారునికి చిక్కు.

దస్త్రం పేరు మన ఇంటి బీరువాకు. శీర్షిక, వివరణ లోకానికి. యూట్యూబు శీర్షికకు నూరక్షరాల పరిమితి ఉన్నది. వివరణకు అయిదువేల వరకు చోటున్నది. ఆ చోటు ఖాళీగా వదలడం అన్యాయం. అవధాని పేరు, పృచ్ఛకుల పేర్లు, సభాస్థలి, తేదీ వ్రాయండి. తెలుగు లిపిలో వ్రాసి, క్రిందనే రోమన్ లిపిలోనూ వ్రాయండి; వెదకేవారు రెండు విధాలా వెదకుతారు. 'అవధానం' అని ఒకరు, 'అవధానము' అని ఒకరు కొడతారు గనుక రెండు రూపాలకూ తావివ్వండి.

మరొక సౌకర్యమున్నది. వివరణలో 0:00తో మొదలుపెట్టి వరుసగా కనీసం మూడు సమయాలను, వాటి ప్రక్కన పేర్లను వ్రాస్తే దృశ్యం అధ్యాయాలుగా విడిపోతుంది. మూడు గంటల అవధానంలో నిషిద్ధాక్షరి ఎక్కడ, సమస్యాపూరణం ఎక్కడ, దత్తపది ఎక్కడ అని చూపగలిగితే, సభకు రాలేనివాడు కూడా తనకు కావలసిన చోటికి నేరుగా చేరుకొంటాడు.

"ఈనాడు యంత్రాలు మాటలను వినగలుగుతున్నవి, మనకీ శ్రమ ఎందుకు?" అని కొందరంటారు. యంత్రం పద్యాన్ని వినవచ్చు. కాని వేదికపై ఎవరూ ఉచ్చరించని హార్మోనిస్టు పేరు దానికెట్లా తెలుస్తుంది? ఆ ఊరి పేరు, ఆ రాత్రి తేదీ ఎవరు చెప్పాలి? అవి తెలిసినవారు కొద్దిమంది పెద్దలు. వారు వెళ్ళిపోతే ఆ వివరాన్ని ఏ యంత్రమూ తిరిగి తేలేదు. దృశ్యం మిగులుతుంది, మనిషి అనామకుడవుతాడు.

మీ ఇండ్లలో పాత క్యాసెట్లు, సీడీలు ఉంటే వాటిని కంప్యూటరులోకి మార్చే ముందు పెద్దల ప్రక్కన కూర్చొని నాలుగు ప్రశ్నలడగండి: ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు. తెలియనిదానిని ఊహించి వ్రాయకండి. 'తెలియదు' అని వ్రాయడం కూడా సమాచారమే, ఎరిగినవారు ఒకనాడు పూరిస్తారు. చాటుపద్యాలలో ఎన్నింటికో కర్త ఎవరో తెలియక మనం తన్నుకులాడుతున్నాం. అట్టి దుఃస్థితిని రేపటి వారికి దృశ్యాల విషయంలో కూడా మిగల్చడం భావ్యమా?

మీ అభిప్రాయాలను వ్యాఖ్యలలో తెలుపగోరుతాను.

స్వస్తి.