మట్టి పరీక్ష అడిగే మనం రక్త పరీక్ష ఎందుకు అడగం?

అన్నలారా, కోపమొచ్చినా సరే, ఇది చివరిదాకా చదవండి.

నాట్లప్పుడు తొడలు, పిక్కలు పట్టేస్తే మనం చేసేదేంది? సూళ్లూరుపేట పోయి మందుల షాపులో "బలానికి ఏదన్నా ఇయ్యన్నా" అంటాం. యాంటీ ఆక్సిడెంట్ బిళ్లలు నెలకు సరిపడా చేతిలో పెడతారు. డాక్టరు చీటీ లేదు, పరీక్ష లేదు. ఆ డబ్బుకి ఎన్ని యూరియా బస్తాలొస్తాయో లెక్కేసుకోండి.

వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజమే. కండ కణాల్లో మైటోకాండ్రియా అనే చిన్న ఇంజన్లుంటాయి. తిన్నదాన్ని మండించి ఏటీపీ అనే శక్తిగా మారుస్తాయి. ఆ ఏటీపీని 1929లో కండలో కనిపెట్టినోళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఇంజనుకు పొగ వచ్చినట్టే ఇక్కడ ఫ్రీ రాడికల్స్ పుడతాయి. మితిమీరితే ఇంజనే దెబ్బతింటుంది.

చెప్పని సగం ఇదీ. ఆ పొగే కండకు కబురు: "పని పెరిగింది, ఇంకా ఇంజన్లు కావాలి" అని. పెద్ద మోతాదు బిళ్లలతో పొగ తుడిచేస్తే ఆ కబురు మందగిస్తుంది. 2009లో జర్మనీ వాళ్లు కుర్రాళ్లతో నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. కొందరికి రోజూ 1000 మి.గ్రా. విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మింగనోళ్లకి ఇన్సులిన్ ఇంకా బాగా పనిచేసింది. మింగినోళ్లకి ఆ మేలు దక్కలేదు. ఇంటింటికీ షుగరున్న ఈ రోజుల్లో ఇది చిన్న మాటా?

హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మగవాళ్లకి రోజుకు కావాల్సిన విటమిన్ సి 80 మి.గ్రా. మంచి జామకాయ ఒకటి తింటే సరి.

"నాకు పనిచేసింది" అంటారు. నాట్లయ్యాక నాలుగు రోజులు పండుకుంటే నొప్పి ఎట్టాగూ తగ్గుద్ది. పేరు మాత్రం బిళ్లకొస్తుంది.

పుట్టుకతో మైటోకాండ్రియా జబ్బున్నోళ్లకి డాక్టరు చూసి కోఎంజైమ్ క్యూ10 లాంటివి రాయడం వేరే సంగతి. మన నీరసం వారాలు గడిచినా తగ్గకపోతే రక్తం, షుగరు, థైరాయిడ్, బి12, విటమిన్ డి చూపించుకోండి. కొలెస్ట్రాల్ బిళ్లలతో కూడా కండలు నొప్పి చేస్తాయి. సొంతంగా మానేయకండి, డాక్టరుకి చెప్పండి. ఎండలో గొడ్డు చాకిరీ చేశాక మూత్రం డికాషన్ రంగులో వస్తే మాత్రం అదే పూట ఆసుపత్రికి పోండి.

మట్టిలో ఏం తక్కువో చూడకుండా ఎరువు చల్లితే తప్పంటాం కదా. మన ఒంటికీ అదే లెక్క.