ఇసుక కింది తడి

ఈ సంచికలోనివన్నీ థార్ ఎడారి మీద సభల్లో చేసిన ప్రసంగాలే. అచ్చు కోసం మరీ చిత్రిక పట్టలేదు. మాట తీరు మాట తీరుగానే ఉంచాం.

ఇప్పుడే ఎందుకంటే, వేసవి వస్తే చాలు, మన ఊళ్లలో బోర్లు ఎండుతున్నాయి. ఇంకా లోతుకు దించడమే మనకు తెలిసిన వైద్యం. థార్‌లో, జైసల్మేర్ వైపు ‘కుంయి’ అనే బావులు తవ్వేవాళ్ల లెక్క వేరు. అడుగున ఉప్పునీరు, దానిపైన జిప్సం పొర, ఆపైన వాన తడిని దాచుకున్న ఇసుక. ఆ పొర జోలికి పోకుండా, మనిషి కూర్చుని తవ్వేటంత ఇరుకు బావి దింపి, తడి బొట్టుబొట్టుగా ఊరేదాకా ఓపిక పడతారు. దీన్ని భూగర్భశాస్త్రం అనాలా, చేతిపని అనాలా? విడదీయలేకపోవడమే ఈ ప్రసంగాలను కలిపే దారం.

చెట్టు సంగతీ అంతే. మనం దసరాకు పూజించే జమ్మే అక్కడి ఖేజ్‌డీ. దాన్ని నరకనివ్వక 1730లో ఖేజడ్‌లీ గ్రామంలో 363 మంది బిష్ణోయీ మతస్థులు ప్రాణాలిచ్చారు. ఆ చెట్టు కింద సజ్జ ఏపుగా పెరుగుతుందని రైతుకు తెలుసు. కారణం నత్రజని అంటారు శాస్త్రవేత్తలు.

కోటలు, ఒంటెల సవారీలు ఈసారి తక్కువ. కావాలనే తగ్గించాం. మాంగణియార్ గాయకుల కమాయచా వాద్యం మీది ప్రసంగం మాత్రం, వీలైతే, ఇంట్లో ఎవరిచేతనైనా పైకి చదివించుకుని వినండి.