అలంకారమా, అబద్ధమా?

భద్రాచలమున గోదావరి నీటిమట్టము 43 అడుగులైనపుడు మొదటి హెచ్చరికయు, 48 అడుగులైనపుడు రెండవదియు, 53 అడుగులైనపుడు మూడవదియు ప్రకటింతురు. 1986 ఆగస్టు వరద 75.6 అడుగులకును, 2022 జూలై వరద 71.3 అడుగులకును వచ్చినది. ఆ వరదలను గూర్చి సంతలో కూర్చుండి ఎవరెంత పెంచి చెప్పుకొన్నను హాని లేదు. కొలబద్దను చదువువాడు రెండడుగులు తగ్గించి వ్రాసెనా, ఊళ్లు మునుగును. వరద విషయమున ఈ భేదము చక్కగా నెరిగిన మనవారికి బడి రిజిస్టరు విషయమున అది తెలియకుండుట నాకు వింతగా నున్నది.

అతిశయోక్తికి నేను శత్రువును కాను. దండి తన కావ్యాదర్శమున దానిని అలంకారములలో ఉత్తమమైనదిగా నెంచెను. ఆ మాట నాకు సమ్మతమే. కవి యొకదానిని పదింతలు చేసి చెప్పునపుడు వినువానికిని ఆ సంగతి తెలియును. ఇరువురును కలిసియే ఆనందింతురు. వినువానికి తెలియనీయకుండుటయే ప్రయోజనముగా గల పెంపునకు గాని, తగ్గింపునకు గాని అలంకారశాస్త్రమున చోటు లేదు.

కొన్నియేండ్ల క్రిందట, అడవి యంచున నున్న యొక బడిలో నేను పనిచేయుచుండగా, పదునాలుగేండ్లలోపు బాలుర కబడ్డీ పోటీలకు ఎంపిక జరిగెను. ఒక తండ్రి నాయొద్దకు వచ్చెను. చదువుకొన్నవాడే, నెలజీతము తెచ్చుకొనువాడే. “సారూ, రెండేండ్లు తగ్గించి రాస్తే మీదేం పోయింది? ఆడేది మావాడే గదా!” అనెను. నేనొల్లనంటిని. ఆ కాగితము మఱియొకచోట పుట్టినది. మీసకట్టు మొలచుచున్న ఆ పిల్లవాడు జట్టులో చేరెను. నిజముగా పదుమూడేండ్ల కోయబాలు డొకడు గట్టుమీద కూర్చుండి, ఆడువారి బట్టలకు కాపలా కాచెను. “మీదేం పోయింది” అను ప్రశ్నకు ప్రత్యుత్తర మచ్చట కూర్చుండియున్నది, చూచినవారు లేరు.

ఆ యీడున రెండేండ్లనగా స్వల్పము కాదు. ఎముక బలియుట, కండ పట్టుట, బరువు పెరుగుట అన్నియు ఆ రెండేండ్లలోనే. కావుననే భారత క్రికెట్ నియంత్రణ మండలి 2012 నుండి పిల్లల మణికట్టు ఎముకలకు ఛాయాచిత్రము తీయించి వయస్సును నిర్ణయించుచున్నది. తల్లిదండ్రుల మాటకంటె ఎముకమాట నమ్మదగినదయ్యెను! ఇంతకంటె సిగ్గుచేటు కలదా? 2015లో రాహుల్ ద్రావిడ్ ఒక సభలో ఈ మోసమును గూర్చియే గట్టిగా హెచ్చరించెను.

ఇది మన దేశపు జాడ్యము మాత్రమే కాదు. 2001లో అమెరికాయందు పండ్రెండేండ్లవారి బేస్‌బాల్ పోటీలలో డానీ ఆల్మాంటే అను బాలుడు అద్భుతముగా బంతి విసరెను. పత్రములో జన్మసంవత్సరము 1989; నిజముగా పుట్టినది 1987. జట్టు గెలుపు లన్నియు రద్దయ్యెను. పత్రము చూపినది తండ్రి. మచ్చ మాత్రము కొడుకు పేరిట నిలిచినది.

“నిజము చెప్పినచో ఓడిపోవుదుము గదా” అందురు. నిజమే, ఓడిపోవచ్చును. 1980లో బొంబాయి టెస్టున అంపైరు ఔటని చెప్పిన బాబ్ టేలరును, బంతి బ్యాటునకు తగులలేదని యెఱిగి, మన నాయకుడు విశ్వనాథ్ వెనుకకు పిలిచెను. టేలరు బోథముతో గూడి 171 పరుగులు జోడించెను; మనవారు పది వికెట్ల తేడాతో ఓడిరి. ఆ యోటమిని దాచవలసిన యవసరము నేటికిని ఎవరికిని కలుగలేదు.

గృహిణులారా, మీయందును కొంత దోషము కలదు. బస్సులో అరటిక్కెట్టు కొరకు బిడ్డకు వయస్సు నేర్పి కూర్చుండబెట్టుచున్నది మీరే. వాడు మొదట నేర్చిన లెక్క తీసివేత. అదియు తన యీడులోనుండి!

నేనును నిర్దోషిని కాను. పూర్వము కోయపిల్లలను బడిలో చేర్చుకొనునపుడు, తల్లుల నడుగు నోపిక లేక, అందఱికిని జూన్ నెలలో నేదో యొక తేది వేసియున్నాను. వంచన కాకున్నను అది సోమరితనము. తల్లులకు తేది తెలియదు గాని గుర్తులు తెలియును. ఇప్పపూలు రాలు కాలమా, వానలు పట్టిన పిమ్మటనా యని యడిగిన తడుముకొనకుండ చెప్పుదురు. ఇప్పుడు చిన్నవారిని చేర్చుకొనునపుడు, 2022 వరదనాటికి బిడ్డ ప్రాకుచుండెనా, నడచుచుండెనా యని యడిగి వ్రాసికొనుచున్నాను.