‘ఆ డబ్బు మీకు ఎప్పుడు కావాలి?’ ఈ ప్రశ్న అడిగాకే నా పాఠకులు దొరికారు

ఏ ఫోన్ రివ్యూ తెరిచినా నేను ముందు కిందికి స్క్రోల్ చేసి చివరి పేరా చదువుతా. ప్రాసెసర్ ఏంటి, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి. ‘ఈ ఫోన్ ఎవరు కొనాలి, ఎవరు కొనకూడదు’ అని చెప్పే ఆ నాలుగు లైన్లలోనే రాసినవాడు ఫోన్ నిజంగా వాడాడా లేదా అన్నది తెలిసిపోతుంది. ‘అందరికీ బాగుంటుంది’ అని ముగించాడంటే వాడలేదనే లెక్క.

ఇంత తెలిసిన నేనే ఇంకో చోట సరిగ్గా అదే తప్పు చేశా. ఫోన్ల దగ్గర కాదు, డబ్బు దగ్గర.

మీలో కొందరికి తెలుసు, ఫోన్ల మీద రాయడంతో పాటు పెట్టుబడుల గురించి కూడా తెలుగులో చెబుతుంటా. వారానికో చిన్న నోట్, అప్పుడప్పుడు ఒక వీడియో. షేర్లు, క్రిప్టో నా సబ్జెక్ట్ కాదు. ప్రభుత్వ బాండ్లు, ట్రెజరీ బిల్లులు. అవును, పేరు వినగానే ఆవులింత వచ్చే బాపతే. ఇలాంటి మూల సబ్జెక్టు పట్టుకున్న ఎవరికైనా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఇది ఎవరి కోసం? దానికి తప్పు సమాధానం ఇచ్చుకుంటే ఏమవుతుందో నా అనుభవంతో చెప్తా. యూట్యూబో, టెలిగ్రామో, ఏదో ఒకటి మొదలుపెట్టాలని చూస్తున్న వాళ్లు మీలో చాలామందే ఉంటారు కాబట్టి పనికొస్తుంది.

‘అందరికీ’ అనుకున్న మొదటి వీడియో

2021 నవంబర్ 12న రిజర్వ్ బ్యాంక్ ‘రిటైల్ డైరెక్ట్’ మొదలుపెట్టింది. అప్పటిదాకా ఎక్కువగా బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలే కొనే ప్రభుత్వ బాండ్లను మనలాంటి వాళ్లం కూడా ఆన్‌లైన్‌లో నేరుగా, 10,000 రూపాయల నుంచి కొనుక్కునే ఏర్పాటు అది. ఖాతా తెరవడానికి ఫీజు లేదు. కొత్త ఫోన్ లాంచ్ అయితే ఎలా ఊగిపోతామో నేను దానికి అలా ఊగిపోయా. రాత్రికి రాత్రే ఖాతా తెరిచి, స్క్రీన్ రికార్డ్ చేసి పెట్టుకున్నా.

2022 జనవరిలో వీడియో పెట్టా. ఎవరి కోసం అంటే, యూత్ కోసం! 18 నుంచి 35 ఏళ్ల తెలుగువాళ్లందరి కోసం! థంబ్‌నెయిల్ మీద పెద్దక్షరాలతో ‘ఎఫ్‌డీకి బాబు, జీరో రిస్క్’ అని రాశా. ఖాతా ఎలా తెరవాలి, బాండు ఎలా కొనాలి అన్నీ స్టెప్ బై స్టెప్ చూపించా. అప్పటిదాకా నేను చేసినవాటిలో ఎక్కువ మంది చూసిన వీడియో అదే. ఆ వారమంతా అర గంటకోసారి నంబర్ చూసుకుంటూ గడిపా.

అయిదు నెలల తర్వాత హనుమకొండ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. మొదటి ఉద్యోగం. అక్క పెళ్లికి తన వంతుగా దాచిన 1,20,000 రూపాయలు నా వీడియో చూసి బాండులో పెట్టాడు. లిస్టులో ఏది ఎక్కువ వడ్డీ చూపిస్తే అది కొన్నాడు. అది దాదాపు 30 ఏళ్లకు తీరే బాండు. ముహూర్తం పెట్టుకున్నారు, డబ్బు కావాల్సి వచ్చింది, అమ్మబోయాడు. కొనేవాడు దొరకడానికే రోజులు పట్టింది. తీరా అమ్మితే 8,000 రూపాయలకు పైగా పోయాయి.

“అన్నా, గవర్నమెంట్‌ది, రిస్క్ లేదు అన్నవ్ గదా. మరి నా పైసలెందుకు తగ్గినయ్?”

తిట్టలేదు. నిజంగా అర్థం కాక అడిగాడు. నా దగ్గర సమాధానం ఉంది, కానీ అది అయిదు నెలలు లేటు.

నేను చెప్పని లెక్క

ప్రభుత్వం వడ్డీ ఎగ్గొట్టదు, అసలూ ఎగ్గొట్టదు. అంతవరకు నేను చెప్పింది కరెక్టే. కానీ ఆ మాట గడువు తీరేదాకా ఆగేవాడికే వర్తిస్తుంది. మధ్యలో అమ్మాలంటే ఆరోజు మార్కెట్ ఎంత ఇస్తే అంతే.

మీ దగ్గర 7 శాతం వడ్డీ ఇచ్చే లక్ష రూపాయల బాండు ఉందనుకోండి. రేపు అలాంటి కొత్త బాండ్లు 8 శాతం ఇస్తున్నాయంటే మీ పాతదాన్ని లక్షకి ఎవడు కొంటాడు? ధర తగ్గించాల్సిందే. 30 ఏళ్ల బాండు అయితే ఆ ఒక్క శాతం తేడాకే ధర దాదాపు 88,700కి పడిపోతుంది. అదే ఏడాదిలోపు తీరిపోయే ట్రెజరీ బిల్లు అయితే తగ్గేది మహా అయితే 1,000 రూపాయలు. ఇద్దరికీ అప్పు తీర్చేది అదే ప్రభుత్వం. గడువులోనే ఉంది తేడా అంతా.

2022లో జరిగింది ఇదే. మే నెలలో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు పెంచడం మొదలుపెట్టింది. 4 శాతం ఉన్నది 2023 ఫిబ్రవరికల్లా 6.5 శాతానికి చేరింది. ఆ పెంపుల సమయంలో పొడవాటి బాండ్లు పట్టుకుని ఉండి, డబ్బు అర్జెంటుగా కావాల్సి వచ్చిన వాళ్లందరికీ దెబ్బ తగిలింది.

ఈ లెక్క నాకు తెలియక కాదు. వీడియోలో పెడితే జనం మధ్యలో వెళ్లిపోతారని తీసేశా. ‘అందరికీ’ చెప్పాలంటే అందరికీ నచ్చని ముక్కలు కత్తిరించాల్సి వస్తుంది. ఆ అబ్బాయికి కావాల్సిన ఒకే ఒక్క ముక్క అలా ఎగిరిపోయింది. నచ్చని ఫోన్‌ని రిటర్న్ చేయొచ్చు, ఓఎల్ఎక్స్‌లో పెట్టొచ్చు. అక్క పెళ్లి డబ్బుకి రిటర్న్ విండో ఉండదు.

నంబర్లు ఎటు లాగుతాయంటే

ఇంకో సంగతి. ఆ వీడియోతో వచ్చిన జనంలో చాలామంది అడిగింది బాండ్ల గురించి కాదు. ‘బ్రో, నెలలో డబుల్ అయ్యేది ఏదైనా ఉందా?’ ‘ఆప్షన్స్ నేర్పిస్తారా?’ వాళ్ల వెనకే ట్రేడింగ్ యాప్‌ల రెఫరల్ ఆఫర్లు వచ్చాయి. ఒక్కో ఖాతాకి ఇంత అని. నిజం చెప్తున్నా, నోరూరింది. ఒక ఫోన్ రివ్యూకి వారం కష్టపడితే వచ్చేది, ఒక లింక్ పెడితే రెండు రోజుల్లో వస్తుంది.

ఆగింది ఒక నంబర్ చూసి. 2021-22లో ఈక్విటీ ఎఫ్ అండ్ ఓలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 89 శాతం మంది నష్టపోయారని సెబీ 2023 జనవరిలో బయటపెట్టింది. తర్వాత 2024 సెప్టెంబర్‌లో మూడేళ్ల లెక్క తీస్తే 93 శాతం మంది నష్టాల్లోనే ఉన్నారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. వందలో తొంభై యూనిట్లు పాడైపోయే ఫోన్‌ని ఇక్కడ మేం రికమెండ్ చేస్తే మీరు ఊరుకుంటారా?

అప్పుడు అర్థమైంది. ఆ గుంపు నాకు దొరికిన ఆడియన్స్ కాదు, నన్ను మార్చేయడానికి వచ్చిన ఆడియన్స్. ఎవరి కోసం చెబుతున్నావో తేల్చుకోకపోతే, ఏం చెప్పాలో వచ్చినవాళ్లే తేలుస్తారు.

మొబైల్ షాపులో దొరికిన పాఠకుడు

సరైన మనిషి నాకు అనలిటిక్స్‌లో దొరకలేదు, విజయవాడ గవర్నర్‌పేటలో దొరికాడు. రివ్యూల కోసం నేను తరచూ వెళ్లే మొబైల్ షాపు ఓనర్. యాభై దాటిన మనిషి. 18 నుంచి 35 అన్న నా గీతలో ఎక్కడా పట్టడు.

సంక్రాంతి సేల్స్ అయిపోయి షాపు ఖాళీగా ఉన్న రోజు. టీ తాగుతుంటే అన్నాడు: “తమ్ముడూ, డిస్ట్రిబ్యూటర్‌కి ఏప్రిల్ ఆఖర్లో కట్టాల్సిన డబ్బు అయిదు లక్షలు కరెంట్ అకౌంట్లో ఊరికే పడుంది. రూపాయి వడ్డీ రాదు. మూడు నెలలకి ఎక్కడన్నా పెట్టొచ్చా? షేర్లూ గీర్లూ మాత్రం చెప్పకు.”

ఎంత డబ్బో తెలుసు. ఎప్పుడు కావాలో తెలుసు. ఏం వద్దో కూడా తెలుసు. 91 రోజుల ట్రెజరీ బిల్లు అనేది ఇలాంటి మనిషి కోసమే పుట్టింది! దానికి విడిగా వడ్డీ ఉండదు. తక్కువకి కొంటాం, గడువు తీరాక పూర్తి విలువ వస్తుంది. 6.5 శాతం రాబడి అనుకుంటే 100 రూపాయల బిల్లు సుమారు 98.40కి దొరుకుతుంది. అయిదు లక్షల మీద మూడు నెలల్లో దాదాపు 8,000 రూపాయలు, పన్నుకి ముందు. వేలం సాధారణంగా బుధవారాల్లో ఉంటుంది. రిటైల్ డైరెక్ట్ వ్యక్తులకే కాబట్టి డబ్బు తన సేవింగ్స్ ఖాతా నుంచి పెట్టాలి, వచ్చిన లాభం ఆదాయంలో కలిపి పన్ను కట్టాలి. ఇవన్నీ చెప్పా. ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేశాడు. మధ్యలో అవసరమైతే? వేలంలో రాకపోతే? డబ్బు ఏ రోజు పడుతుంది? నా వీడియో చూసినవాళ్లెవరూ అన్ని ప్రశ్నలు అడగలేదు.

అదే 8,000 రూపాయలు. ఒకరికి నా మాట వల్ల పోయాయి, ఇంకొకరికి నా మాట వల్ల వచ్చాయి. రెండు చోట్లా చెప్పింది ప్రభుత్వ అప్పు గురించే. వినేవాడు మారాడు, అంతే.

ఆ తర్వాత ఏం మార్చానంటే

వయసు, ఊరు, జీతం చూసి ఆడియన్స్‌ని గీయడం మానేశా. ఇప్పుడు నా పాఠకుడంటే ‘ఒక తేదీకి డబ్బు కావాల్సిన మనిషి’. కాలేజీ ఫీజు కట్టాల్సిన తండ్రి కావచ్చు, రిటైరైన టీచర్ కావచ్చు, జూన్‌లో ఇల్లు రిజిస్ట్రేషన్ పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయి కావచ్చు. పైకి చూస్తే ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు. ప్రశ్న మాత్రం ఒకటే.

టైటిళ్లు మార్చా. ‘ట్రెజరీ బిల్లు అంటే ఏమిటి’ అని ఎవరూ వెతకరు, ఆ పేరు తెలిస్తే కదా వెతకడానికి! షాపు ఓనర్ అడిగిన మాటలే టైటిల్ చేశా: ‘మూడు నెలలకి డబ్బు ఎక్కడ పెట్టొచ్చు?’

అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రతి నోట్ మొదట్లోనే ‘ఇది ఎవరికి కాదు’ అని రాస్తున్నా. తేదీ తెలియని డబ్బు ఉన్నవాళ్లకి కాదు. అప్పు చేసి పెట్టేవాళ్లకి కాదు. నెలలో డబుల్ కావాలనుకునేవాళ్లకి అసలే కాదు. మొదటి నెలలోనే వ్యూస్ పడిపోయాయి. భయమేసింది. కానీ వచ్చే మెసేజ్‌లు మారాయి. ‘సూపర్ బ్రో’లు తగ్గి, ‘నా దగ్గర ఇంత ఉంది, ఫలానా నెలలో కావాలి, ఇది సరిపోతుందా’ అని అడిగేవి పెరిగాయి. నాకిప్పుడు అదే లెక్క. ఫలానాది కొనండి అని మాత్రం చెప్పను. సెబీ రిజిస్ట్రేషన్ లేకుండా ఫీజు తీసుకుని అలా చెప్పడం నిబంధనలకి విరుద్ధం, ఫీజు లేకపోయినా ఆ బాధ్యత నాకొద్దు. ఎలా లెక్క వేసుకోవాలో చెప్తా.

మీరు అడగబోయేవి

‘ఇంత తక్కువ మందితో కడుపు నిండుతుందా బ్రో?’ నిండదు. నాకు అన్నం పెడుతున్నది ఫోన్ల రాతలే. కెవిన్ కెల్లీ అనే అమెరికన్ రచయిత 2008లో ‘వెయ్యి మంది నిజమైన అభిమానులు’ ఉంటే ఒక కళాకారుడు బతికేయొచ్చని రాశాడు. పాటకి, బొమ్మకి ఆ మాట సరిపోతుందేమో. డబ్బు విషయంలో నాకు అభిమానులంటేనే భయం. అభిమాని నేను చెప్పింది నమ్మేస్తాడు. నాకు కావాల్సింది నా లెక్క మళ్లీ వేసి చూసుకునేవాడు.

రెండోది అసలైన ప్రశ్న. ‘మీకు కాదు’ అని పంపేస్తే ఆ హనుమకొండ అబ్బాయి లాంటివాడు ఎక్కడికి పోతాడు? పక్క గల్లీలో ‘నెలలో డబుల్’ బోర్డు పెట్టినవాడి దగ్గరికే కదా! దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. చేయగలిగింది ఒకటే, ఉత్త చేతులతో పంపకపోవడం. అందుకే ‘ఇది మీకు కాదు’ కిందే ఇంకో లైన్ ఉంటుంది: ఎప్పుడు అవసరమవుతుందో తెలియని డబ్బయితే సేవింగ్స్ ఖాతాలోనో, ఎప్పుడైనా తీసుకోగలిగే ఎఫ్‌డీలోనో ఉంచండి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా డిపాజిట్‌కి బీమా ఉంటుంది. బోరింగ్ సలహానే. కానీ అక్క పెళ్లి నాటికి డబ్బు ఉంటుంది.

వర్డిక్ట్

2024 మేలో రిటైల్ డైరెక్ట్‌కి మొబైల్ యాప్ కూడా వచ్చింది. దాని మీద వీడియో చేయమని చాలామంది అడిగారు, చేశా. థంబ్‌నెయిల్ మీద ‘జీరో రిస్క్’ లేదు. ‘మీ డబ్బు ఎప్పుడు కావాలి?’ అని ఉంది. పెట్టేముందు ఆ హనుమకొండ తమ్ముడికి పంపి చూడమన్నా. “ఇదే ముందుగాల చెప్తే అయిపోవు గదన్నా” అన్నాడు.

మీరు ఏ మూల సబ్జెక్టు పట్టుకున్నా సరే, మొదలుపెట్టే ముందు ‘ఇది ఎవరికి పనికిరాదు’ అన్న పేరా రాసి చూడండి. అది రాయలేకపోతున్నారంటే ఎవరికి పనికొస్తుందో మీకింకా తెలియదన్నమాట. ఆ పాత వీడియో నేను డిలీట్ చేసేశా. చూసినవాళ్ల సంఖ్య ఇప్పటికీ గుర్తుంది, కానీ చెప్పుకోవాలనిపించదు.