పెద్ద పరిశోధన సంస్థలో ఉద్యోగము: తీపి ఎంత, చేదు ఎంత?



ఈ మధ్య మన ప్రాంతపు తల్లిదండ్రులు కొందరు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, మావాడు డిప్లొమా పూర్తి చేశాడు. డి.ఆర్.డి.ఓ.లో పని దొరికితే మంచిదేనా? అక్కడివారు సంతోషముగా ఉంటారా?"

ఈ ప్రశ్నకు కారణము ఉన్నది. 2025 మే 2న నాగాయలంక మండలము గుల్లలమోద దగ్గర కట్టబోయే క్షిపణి పరీక్షా కేంద్రమునకు ప్రధానమంత్రి అమరావతి సభ నుండి శంకుస్థాపన చేశారు. అది డి.ఆర్.డి.ఓ. వారిది, అనగా దేశ రక్షణ కొరకు పరిశోధన చేయు సంస్థది. అదే సంవత్సరము అక్టోబరులో పామర్రు దగ్గర నిమ్మలూరులో, చీకటిలో చూచే పరికరములు చేయు భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారము జాతికి అంకితమైనది. బందరువారికి ఇటువంటి పని కొత్త కాదు. 1926లో ఇక్కడ మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీనే 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు తీసుకొన్నారు. అయితే కర్మాగారము వేరు, పరిశోధన సంస్థ వేరు. కర్మాగారములో సాయంత్రానికి ఎన్ని పరికరములు తయారైనవో లెక్క తెలుస్తుంది. పరిశోధనలో పదేళ్ళకు కూడా లెక్క తెలియకపోవచ్చు. తీపీ చేదూ రెండూ అక్కడే పుడతాయి.

ముందుగా తీపి చూద్దాము. ఇటువంటి చోట పనిచేసేవారిని ఏమి నచ్చినదని అడిగితే, చాలామంది మొదట చెప్పేది జీతము కాదు, పని గొప్పతనము. ఏ కాలేజీలోనూ కనబడని యంత్రములు అక్కడ చేతికి వస్తాయి. పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన దగ్గర నేర్చుకొనునది ఏ పుస్తకములోనూ దొరకదు. శాస్త్రవేత్తలకు ప్రమోషను ఖాళీ కొరకు కనిపెట్టుకొని ఉండనక్కరలేదు. చేసిన పనిని పరీక్షించి, ఇంటర్వ్యూ చేసి ఇస్తారు. ఇక భద్రత సంగతి. ఏడవ వేతన సంఘము నిర్ణయించిన మూల వేతనము శాస్త్రవేత్తకు మొదట 56,100 రూపాయలు, డిప్లొమా చదివిన సీనియర్ టెక్నికల్ అసిస్టెంటుకు 35,400, ఐ.టి.ఐ. చదివిన టెక్నీషియనుకు 19,900. దాని మీద కరువు భత్యము, వైద్య సదుపాయము, కొన్ని చోట్ల క్వార్టర్సు, పిల్లలకు కేంద్రీయ విద్యాలయము ఉంటాయి. వర్షము మీద, కాలువ నీటి మీద బ్రతికే మన ఇండ్లకు నెల మొదట తప్పక వచ్చే జీతము చిన్న సంగతి కాదు.

ఇప్పుడు చేదు. మొదటిది, ఆలస్యము. తేజస్ యుద్ధ విమానము సంగతే తీసుకొనండి. 1983లో ప్రభుత్వము ఆ పనికి అనుమతి ఇచ్చింది. మొదటిసారి అది ఎగిరినది 2001 జనవరి 4న. వైమానిక దళములో దాని మొదటి దండు ఏర్పడినది 2016 జూలైలో. ఇరవై అయిదేళ్ళ వయస్సులో ఆ పనిలో చేరిన ఇంజనీరుకు అప్పటికి ఏబది ఎనిమిదేళ్ళు. అతని ఉద్యోగ జీవితమంతా ఒక్క విమానమునకే సరిపోయినది. పైగా లోకము ఎదురుచూడదు. 1989 ఏప్రిల్ 20న అగ్ని క్షిపణి ఎగురవలసినది, ఆగిపోయింది. మే 1న మరల ఆగింది. పత్రికలలో వ్యంగ్య చిత్రములు వేశారు. మే 22న అది ఎగిరింది. అప్పుడు హైదరాబాదు ప్రయోగశాలకు నాయకుడైన అబ్దుల్ కలాం గారి పేరు మనకు తెలుసు. ఆ నెల రోజులూ నిద్రలేక లోపము వెదకినవారి పేర్లు మనకు తెలియవు.

ఇదే రెండవ చేదు, పేరు లేకపోవుట. రైతులమైన మనకు ఇది సులువుగా అర్థమవుతుంది. మనము వండుకొనే సాంబమసూరి, అదే బి.పి.టి. 5204, బాపట్ల పరిశోధనా కేంద్రము నుండి 1986లో విడుదలైనది. స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, మార్టేరు నుండి వచ్చింది. ఆ విత్తనముల వలన ఎన్ని లక్షల ఇండ్లలో అన్నము ఉడికినదో. ఏండ్ల తరబడి మడిలో నిలబడి కంకి కంకీ ఎంచినవారి పేరు మనలో ఎవరైనా అడిగామా? పెద్ద సంస్థలో పని వందల చేతుల మీదుగా నడుస్తుంది. అందులో ఒక్క చెయ్యి ఎవరిదో బయటివారికి కనబడదు. లోపల కూడా శాస్త్రవేత్తల వర్గము వేరు, సాంకేతిక సిబ్బంది వర్గము వేరు. పరికరము బిగించినవాడు ఒకడు, వేదిక మీద నిలబడేవాడు మరొకడు అనే బాధ అక్కడ తప్పదు.

మూడవది, మౌనము. రక్షణ పరిశోధనలో పని సంగతి ఇంట్లో చెప్పకూడదు. చట్టము ఒప్పదు. చాలా ప్రయోగశాలలలో సెల్ ఫోను గేటు దగ్గరే పెట్టి లోపలికి వెళ్ళాలి. పిల్లవానికి జ్వరము వచ్చి భార్య ఫోను చేస్తే సాయంత్రము వరకు జవాబు ఉండదు. క్షిపణి పరీక్షలకు ఒడిశాలోని చాందీపూరు వెళ్ళినవాడు ఏ రోజు వస్తాడో చెప్పలేడు. ఇది తెలియని కోడలు, "ఈయన ఏదో దాస్తున్నాడు" అని అనుమానపడుతుంది. తెలియని తండ్రి, "నా కొడుకు గర్వపడ్డాడు" అని నొచ్చుకొంటాడు.

ప్రియులారా, చెరకుగడకు మొదలు తీపి, కొస చప్పన. మొదలు మాత్రమే కోసి ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. ఇక్కడ కూడా అంతే. పని అంత పెద్దది గనుకనే ఒక్కని పేరు దానిలో కనబడదు. అంత ముఖ్యమైనది గనుకనే బయటకు చెప్పకూడదు. సంస్థ ఇవ్వలేని ఆ మెప్పును ఇల్లు ఇవ్వవలసి ఉన్నది. సెలవుకు వచ్చిన కొడుకును "ఏమి కనిపెట్టావురా?" అని అడుగకండి, అతడు చెప్పలేడు. "అలసిపోయావా నాయనా?" అని అడగండి. దానికి జవాబు చెప్పగలడు.

అయితే చేరకముందు తెలుసుకొనవలసినవి మూడున్నవి. ఒకటి, ఉద్యోగము శాశ్వతమా, తాత్కాలికమా? పరిశోధక ఫెలోషిప్ శాశ్వత ఉద్యోగము కాదు. 2023 నుండి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు గాని, అది కొన్ని ఏండ్లకు ముగిసిపోతుంది. కాంట్రాక్టు మీద కాపలా, తోటపని, కారు డ్రైవింగు చేసేవారు కాంట్రాక్టరు మనుషులే గాని సంస్థ ఉద్యోగులు కారు. ఈ తేడా దాచి "మావాడు సైంటిస్టు" అని కట్నము పెంచేవారున్నారు. ఆడపిల్ల తండ్రులు నియామకపు కాగితము చూపించమని అడుగుటకు సిగ్గుపడవద్దు.

రెండు, పెన్షను. 2004 జనవరి 1 తరువాత చేరిన కేంద్ర ప్రభుత్వ సివిలు ఉద్యోగులకు పాత పెన్షను లేదు. జీతములో కొంత కోసి జమచేసే కొత్త పద్ధతి వచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పెన్షను కోరుకొనే వీలు కలిగింది. మీ బిడ్డ దేనిలో చేరుతున్నాడో అడిగి తెలుసుకొనండి.

మూడు, దారి. శాస్త్రవేత్తలను గేట్ మార్కులు, ఇంటర్వ్యూ ద్వారా తీసుకొంటారు. డిప్లొమా, ఐ.టి.ఐ. వారికి సెప్టమ్ అనే విభాగము పరీక్ష పెడుతుంది. గుల్లలమోదలో కేంద్రము వస్తున్నదని చెప్పి, "లక్షలు ఇస్తే వేయిస్తాను" అని ఎవరైనా మీ గుమ్మము ఎక్కితే, అరెకరము అమ్మి అతని చేతిలో పెట్టకండి. ఆ డబ్బుతో కుర్రవానికి చదువు చెప్పించండి. ఊరి పక్కనే పని దొరుకుతుందని కూడా ఆశపెట్టుకొనకండి. దివిసీమ పిల్లవాడు హైదరాబాదు, బెంగుళూరు, విశాఖ, చాందీపూరు ఎక్కడికైనా వెళ్ళవలసి రావచ్చును.

ఇవన్నీ తెలుసుకొన్న తరువాత కూడా బిడ్డకు ఆ పని మీద మనస్సు ఉంటే, ఆపకండి. పేరు కోరేవానికి ఆ ఉద్యోగము భారము. పని కోరేవానికి అది మంచి చోటు. మీవాడు ఎటువంటివాడో మీకంటె బాగా ఎరిగినవారు లేరు గనుక, ఈ రాత్రి భోజనము దగ్గర అతనితో కూర్చొని మాట్లాడండి.