కొండ సంతలో పాత రూపాయి

తూర్పు కనుమల గిరిజన స్త్రీలలో పాత వెండి రూపాయలను దండగా గుచ్చి ధరించే ఆచారం తరతరాలుగా ఉంది. అడ్డతీగల వంటి ఏజెన్సీ గ్రామాలలో అటువంటి దండ నగ మాత్రమే కాదు, ఆపదకు దాచుకున్న సొమ్ము కూడా. జబ్బు చేసినప్పుడో, పెళ్లి కుదిరినప్పుడో దానిని వారపు సంతకు తెస్తారు. అక్కడ ఎదురయ్యే వర్తకుడు మైదానం నుంచి వచ్చినవాడు. నాణెం సంగతి అతనికి తెలుసు, అమ్మే తల్లికి తెలియదు. ఆ వర్తకుడు మనలో ఒకడైతే అతని బాధ్యత ఏమిటన్నది ఈ నెల మా ప్రస్తావన.

ముందుగా నాణెం సంగతి తెలుసుకుందాం. 1835లో ఈస్టిండియా కంపెనీ దేశమంతటికీ ఒకే తీరు రూపాయిని ప్రవేశపెట్టింది. దాని బరువు ఒక తులం, అనగా 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి. 1939 వరకు ఈ ప్రమాణం నిలిచింది. యుద్ధకాలంలో, 1940 నుంచి, వెండిని సగానికి తగ్గించారు. 1947 నాటి రూపాయి పూర్తిగా నికెల్‌దే. సగం వెండి రూపాయి కూడా పాతదానంత బరువే తూగుతుంది కనుక తూకం ఒక్కటే చాలదు, సంవత్సరం చదవాలి. నికెల్ రూపాయిని అయస్కాంతం లాగుతుంది, వెండిని లాగదు.

నిజాం రాజ్యపు ఉస్మానియా సిక్కా లెక్క వేరు. దాని బరువు సుమారు 11.18 గ్రాములు, వెండి నూటికి దాదాపు 82 పాళ్లు. దానిపై చార్మినారు బొమ్మ, ద్వారం మధ్య ఉస్మాన్ అలీఖాన్ పేరులోని ‘ఐన్’ అక్షరం కనిపిస్తాయి. 92 అనే అంకె అబ్జద్ లెక్కలో ‘ముహమ్మద్’ నామానికి సంకేతం.

వెండి విలువకు మించి సేకరణదారులు ఇచ్చే వెల అరుదుదనాన్నీ, నాణెం స్థితినీ బట్టి ఉంటుంది, వయసును బట్టి కాదు. 1911 నాటి అయిదవ జార్జి రూపాయి ఇందుకు మంచి ఉదాహరణ. రాజు వస్త్రంపై ఉన్న ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తున్నదని ముస్లిములు అభ్యంతరం తెలిపారు. ప్రభుత్వం ఆ నాణేలను ఆపివేసి, విడుదల కానివాటిని కరిగించింది. 1912లో బొమ్మను సరిదిద్దారు. అందువల్ల 1911 రూపాయికి తరువాతి ఏళ్ల నాణేలకన్నా గిరాకీ ఎక్కువ. అయితే దండ కోసం కొక్కెం అతికించిన నాణేనికీ, మెరుపు కోసం తోమిన నాణేనికీ ఆ అదనపు వెల చాలావరకు పోతుంది. వెండి వెల మాత్రం పోదు. ఇంట్లో పాత నాణేలుంటే తోమవద్దని మా మనవి.

ఇక బాధ్యత సంగతి. పల్లెల నుంచి సరుకు తెచ్చేవారికి బజారు ధర తెలియకముందే దారిలో ఎదురేగి కొనడాన్ని మహాప్రవక్త (స) నిషేధించారు. అలా కొన్నప్పటికీ, అమ్మినవాడు బజారుకు చేరి ధర తెలుసుకున్నాక బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఇచ్చారు. కొండ దారిలోనో, ఇంటి గడపలోనో దండను చవకగా కొనడం దీనికి భిన్నమైనదా? కొనేవాడు ఆనాటి వెండి ధర చెప్పాలి, అమ్మేవారి ఎదుటే తూచాలి, తరుగు ఎంత తీస్తున్నదీ ముందే చెప్పాలి. అరుదైన నాణెం కనిపిస్తే ఆ మాట దాచకూడదు.

పాత రూపాయలిచ్చి కొత్త పట్టీలు తీసుకోవడం సంతలలో మామూలే. వెండికి వెండిని మార్చుకొనేటప్పుడు తూకం సమానంగా ఉండాలి, ఇచ్చిపుచ్చుకోవడం అక్కడికక్కడే ముగియాలి. హెచ్చుతగ్గులైతే వడ్డీ దోషం అంటుతుంది. ముందు నాణేలను నగదుకు అమ్మి, ఆ నగదుతో పట్టీలు కొనడం క్షేమం.

మన ఇళ్ల పెట్టెలలోనూ ఇటువంటి రూపాయలు ఉన్నాయి. వెండి నిసాబ్ యాభై రెండున్నర తులాలు. రూపాయి తులం తూగుతుంది కనుక యాభై మూడు రూపాయల మూట ఉన్నవారు జకాత్ సంగతి తప్పక విచారించాలి. హనఫీ మజ్‌హబ్‌లో ధరించే వెండి నగకూ జకాత్ ఉంది. కల్తీ పాళ్ల లెక్కను మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తేల్చుకోండి.

మరొక హెచ్చరిక. పాత నాణేనికి లక్షలు ఇస్తామంటూ, ముందుగా రుసుమో, పన్నో కట్టమనే ప్రకటనలను నమ్మకండి. తన పేరుతో ఇటువంటి మోసాలు జరుగుతున్నాయని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రజలను హెచ్చరించింది. పొలంలో దొరికిన నాణేల నిధిని 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

కొండ తల్లి మెడలోని దండ ఆమె అమానతు. దాని వెల ఆమెకు తెలియకపోవచ్చు గాని, అల్లాహ్‌కు తెలుసు. తెలిసి తగ్గించిన ప్రతి గ్రాముకూ రేపు లెక్క చెప్పాలి. మన తూకాలను అల్లాహ్ నిలకడగా ఉంచుగాక! ఆమీన్.